తాలు కుప్ప

జూలై పన్నెండో తేదీ మధ్యాహ్నం మూడు గంటలకు జుబేదా కాలేజీ వెనకనున్న రేకుల షెడ్డులో అడుగుపెట్టేసరికి పని పూర్తయి ఉంది. నలభై గుడ్డసంచులు ఖాళీ చేసి, దులిపి, మడతలు పెట్టి ఒక మూల పేర్చి ఉన్నాయి. షెడ్డు మధ్య పరిచిన పట్టా మీద వేప గింజలు మూడు కుప్పలుగా ఉన్నాయి. వెతికినా ఒక్క పుల్ల గానీ, ఒక్క తొక్క గానీ కనిపించదు. కుప్పల పక్కన తొమ్మిది మంది ఆడవాళ్లు కాళ్లు చాపుకుని టీ తాగుతున్నారు.

"మొదటి రకం, రెండో రకం, తాలు," అంది వాళ్ల ముఠా మేస్త్రి రెబ్కా, వేలితో వరసగా చూపిస్తూ. "రేపటిదాకా పట్టుద్దనుకున్నాం. ఇయ్యాళే అయిపోయింది మేడంగారూ."

జుబేదా గుమ్మం పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. ఆమె కూర్చున్న తీరు చూసి టీ తాగుతున్నవాళ్లలో ఇద్దరు గ్లాసులు కింద పెట్టారు.

"సంచుల్లో చీటీలుండాలి," అంది జుబేదా.

"ఉన్నాయండి. ఒక్కటి కూడా పోనివ్వలేదు." రెబ్కా ఇటుకరాయి ఎత్తి, దాని కింది చీటీలు తీసి రెండు చేతులతో అందించింది.

జుబేదా లెక్కపెట్టింది. నలభై. సరిగ్గా సరిపోయాయి. ఏ చీటీ ఏ గింజలదో మాత్రం ఇక భూమ్మీద ఎవరూ చెప్పలేరు.

జుబేదా ఆ కాలేజీలో ముప్పై రెండేళ్లుగా వృక్షశాస్త్రం చెబుతోంది. వచ్చే ఏప్రిల్ నెలాఖరుకు ఆమె పదవీ విరమణ. వేప ఏడాదికి ఒక్కసారే పండుతుంది. పండిన గింజకు ప్రాణం ఆరు వారాలు. ఆ తర్వాత అది నూనెకు పనికొస్తుంది గానీ మొలకకు రాదు. ఈ మూడు సంగతులనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంటే ఆమెకు మిగిలింది ఒక్క పంట. ఆ పంట ఇప్పుడు మూడు కుప్పలుగా ఎదురుగా ఉంది.

ఆమె తొమ్మిదేళ్లుగా మోస్తున్న ప్రశ్న చెప్పడానికి చిన్నదే. వేపచెట్టు కొత్తపట్నం ఉప్పుగాలిలోనూ పెరుగుతుంది, పర్చూరు నల్లరేగడిలోనూ పెరుగుతుంది, పొదిలి దాటాక వాన మొహం చూడని మెట్టలోనూ పెరుగుతుంది. చూపుకు అన్నీ వేపచెట్లే. ఎవరూ నాటినవి కావు. కాకులూ గబ్బిలాలూ పండు తిని ఉమ్మేసిన గింజల్లోంచి లేచినవి. అయితే మెట్టలో లేచిన మొక్కల్లో ఎక్కువ భాగం మొదటి వేసవి దాటవు. దాటినవే చెట్లయి గింజలు రాలుస్తాయి. తరం తర్వాత తరం ఇలా జరిగితే మెట్ట వేపలో తీరపు వేపకు లేని గుణాలు నిలబడాలి. తీరంలో ఇంకా బతుకుతున్న రకరకాల గుణాలు మెట్టలో రాలిపోయి ఉండాలి. ఇది ఊహ. ఊహ నిజమో కాదో తెలియాలంటే మూడు చోట్ల గింజలనూ ఒకే నేలలో, ఒకే నీటితో మొలిపించి చూడాలి. అప్పటికీ తేడా కనిపిస్తే ఆ తేడా నేలది కాదు, వంశానిది.

అందుకని తీరం నుంచి పన్నెండు చెట్లు, మైదానం నుంచి పద్నాలుగు, పడమటి మెట్ట నుంచి పద్నాలుగు ఎంచారు. ఒక్కో చెట్టుకు ఒక్కో సంచి, ఒక్కో సంచికి ఒక్కో చీటీ. గింజలు కడిగి ఆరబెట్టాక పుచ్చులూ తొక్కలూ తీయడానికి మనుషులు కావలసి వచ్చారు. గుంటూరులో గింజో కాయో ఏరడానికి మనుషులు కావాలంటే ఎవరైనా మిరపకాయల ముఠాకే కబురు పెడతారు. జూలైలో మిరప పని ఉండదు, వాన ఆలస్యమైతే పత్తి కలుపూ ఉండదు. రెబ్కా ముఠా ఆ విధంగా వచ్చింది. "పుచ్చులు తీసేసి బాగా ఏరి పెట్టండి," అని ఉదయం చెప్పింది జుబేదాయే. చెప్పి పరీక్షల డ్యూటీల మీటింగుకు వెళ్లింది. ఆమె దగ్గర పరిశోధన సహాయకుడిగా ఉన్న వేణుగోపాల్ నర్సరీ కవర్లు తేవడానికి బజారుకు వెళ్లాడు. తప్పు ఎక్కడ మొదలైందో ఆమె స్టూలు మీద కూర్చునే వెనక్కి వెతుక్కుంటూ వెళ్లింది. అది తన దగ్గరే ఆగింది.

"ఎందుకు కలిపారు రెబ్కమ్మా?" అని అడిగింది.

రెబ్కాకు ప్రశ్న అర్థం కాలేదు. "కలపకుండా ఏరితే ఎట్టాగండీ? సరుకు ఒక్కరిదే గదా. ఒక్కరి సరుకు వచ్చిందంటే ముందు మూటలన్నీ పట్టా మీద పొయ్యాల. మూటకో రంగు, మూటకో సైజు ఉంటే కొనేవాడు నాలుగు మూటల్లో చెయ్యి పెట్టి లాటంతా వెనక్కి తిప్పుతాడు. మూట మూటగా ఏరేది దొంగముఠా. మంచివి పైన పరిచి తాలు అడుగున దాస్తారు."

"ముప్పై ఏళ్లలో మా అక్క ఏరిన సరుకు వెనక్కి రాలేదండి," అంది పక్కనున్న నాంచారమ్మ, సాక్ష్యం చెబుతున్నట్టు.

"తెలుసు," అంది జుబేదా. "అందుకే మిమ్మల్ని పిలిచాను."

ఆ మాటలో మెప్పు ఎంతో నింద ఎంతో తేల్చుకోలేక నాంచారమ్మ మళ్లీ గ్లాసు అందుకుంది.

కవర్లు మోసుకుంటూ వచ్చిన వేణుగోపాల్ కుప్పల్ని చూశాడు, ఖాళీ సంచుల్ని చూశాడు, కవర్లు కింద పెట్టాడు. చీరాల నేతవాళ్ల ఇంట్లో పుట్టినవాడు కాబట్టి, రంగు తప్పిన నూలు చుట్టిన రోజున మొహం ఎలా పెట్టాలో అతనికి తెలుసు. కాసేపటికి జుబేదాను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"మేడం, హైదరాబాదులో పరీక్ష చేయించి ఏ గింజ ఏ చెట్టుదో కనుక్కోలేమా?"

"కనుక్కోవచ్చు. అక్కడ మన వంతు రావడానికి ఆరు నెలలు. గింజకు ఇంకా మూడు వారాలు."

"అయితే చీటీలున్నాయి, సంచులున్నాయి. మొత్తం కలిపేసి నలభై వాటాలు వేసి... ఎవరికి తెలుస్తుంది మేడం?"

"సంచులు నలభై అవుతాయి వేణూ. చెట్లు కావు."

"ఊరికే అన్నానండి."

"విన్నాను."

రెబ్కా ఈలోగా లేచి నిలబడింది. ఆమెకు యాభై దాటాయి. మిరప ఘాటుకు కళ్ల చివరలు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. "ఏం చెడిందో నాకు చెప్పండి," అంది. "అబ్బాయికి చెప్పినట్టు కాదు. నాకు చెప్పినట్టు."

జుబేదా చెప్పింది. చెట్టు చెట్టుకూ తేడా ఉంటుందనీ, ఆ తేడాలే తనకు కావలసినవనీ, కలిపితే తేడాలు పోవు గానీ ఎవరి తేడా ఎవరిదో తెలియకుండా పోతుందనీ చెప్పింది. పడమట ఎండ మొక్కల్ని ఎలా ఏరుతుందో కూడా చెప్పింది.

"ఎండ ఏరుద్దా," అంది రెబ్కా.

"ఏటా ఏరుతుంది."

"తాలు తీసేసి?"

"అది తాలు అనుకున్నవి తీసేసి. మనం తాలు అనుకునేవి వేరు, అది అనుకునేవి వేరు."

రెబ్కా మూడో కుప్ప వైపు చూసింది. పుచ్చులు విడిగా బకెట్టులో ఉన్నాయి. ఈ కుప్పలోవి పుచ్చులు కావు. చిన్నవి, సన్నవి, కొన మొనదేలినవి, పెంకు ముదురు రంగువి. వంగి పిడికెడు తీసి అరచేతిలో దొర్లించింది.

"ఇయ్యి ఆ పొదిలి పక్కవేగా?"

జుబేదా లేచి వచ్చింది. "ఎలా తెలుసు?"

"పోసేటప్పుడు చూశాగా. కొన్ని మూటల్లోవి మొత్తం ఇట్టాగే ఉన్నాయి. ఎండు నేల కాయ ఎప్పుడూ గట్టిగా బిగదీసుకునుంటది మేడంగారూ. మిరపకాయైనా అంతే. కాయ చేతికిస్తే ఏ ఊరి చేనో చెప్తాను." ఆగి, "కలిపినోళ్లమే విడదీస్తాం," అంది.

"ఏ చెట్టుదో చెప్పగలవా?"

"ఏ నేలదో చెప్తా. ఏ చెట్టుదో చెప్పమంటే అబద్ధం చెప్పాల."

జుబేదాకు ఆ రోజు విన్న మాటల్లో మొదటిసారిగా ఒక మాట శాస్త్రీయంగా తోచింది. తనకేం తెలియదో తెలిసిన మనిషి కన్నును పరీక్షించి చూడవచ్చు.

పరీక్షించడానికి ఆధారం కూడా ఉంది. గింజ బరువు తూచడం కోసం ప్రతి చెట్టు నుంచీ ఇరవై గింజలు విడిగా తీసి, కాగితపు కవర్లలో లాబ్ ఫ్రిజ్‌లో పెట్టి ఉంచారు. మర్నాడు ఉదయం జుబేదా వాటిలోంచి తొమ్మిది కవర్లు, ప్రాంతానికి మూడు చొప్పున, రెబ్కాకు పేర్లతో సహా చూపించింది. రెబ్కా ఒక్కో గింజనూ వెలుతురుకు పెట్టింది, గోటితో గీరింది, రెండు వాసన చూసింది. మిగిలిన ముప్పై ఒక్క కవర్ల మీద వేణుగోపాల్ కొత్త నంబర్లు వేశాడు. జవాబుల కాగితం జుబేదా తన హ్యాండ్‌బాగులో పెట్టుకుని, రెబ్కాకు మొహం కనిపించకుండా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పరీక్ష పెట్టేవాళ్ల మొహం చూసి జవాబు చెప్పే విద్యార్థులను ఆమె ముప్పై రెండేళ్లుగా ఎరుగును.

మూడు పళ్లేలు. తీరం, మైదానం, పడమర. రెబ్కా ఇరవై నిమిషాల్లో ముగించింది. ముఠా అంతా గోడకు ఆనుకుని నిలబడి చూసింది.

ముప్పై ఒకటిలో ఇరవై తొమ్మిది సరిపోయాయి.

జుబేదా కాగితాన్ని రెండోసారి సరిచూసింది. ఇది గుడ్డిదెబ్బ అయ్యే అవకాశం ఎంతో లెక్క కట్టింది. అవకాశం లేదనే చెప్పవచ్చు. అప్పుడు కళ్లజోడు తీసి తుడుచుకుని, పట్టా పరవమంది.

మూడు కుప్పలనూ మళ్లీ మూడు కుప్పలు చేయడానికి రెండు రోజులు పట్టింది. ఇరవై వేల గింజలు, తొమ్మిది మంది. ఎవరి ముందున్న రాశినైనా రెబ్కా వచ్చి చివరిసారి చూసేది. "ఏమే నాంచారీ, ఇది సముద్రందా? మీ అత్త మొహంలా ఎండిపోయి కనబడట్లా?" అంటే నాంచారమ్మ, "మా అత్తది కొత్తపట్నమే అక్కా," అనేది, గింజ మాత్రం పడమటి రాశిలోకి మారేది. లెక్క తేలాక జుబేదా నోటు పుస్తకంలో ఒక విషయం రాసుకుంది: మొదటి రోజు తాలుగా పక్కన పెట్టిన కుప్పలో అయిదింట నాలుగు వంతులు పడమటి గింజలు. ఎన్నో తరాలుగా ఎండ ఏరి నిలబెట్టినదాన్ని మనుషులు ఆరు గంటల్లో ఏరి పారేయబోయారు. ఆ వాక్యం రాసి, అందులో ఫిర్యాదు ధ్వనిస్తోందని కొట్టేసి, సంఖ్య మాత్రం ఉంచింది.

నలభై చెట్ల ప్రశ్న పోయింది. ఏ తల్లి బిడ్డ ఎలా పెరిగిందో ఇక తెలియదు. ఏ ఆకాశం కింది గింజ ఎలా పెరిగిందో తెలుస్తుంది. పెద్ద ప్రశ్న పోయి చిన్న ప్రశ్న మిగిలింది. ఆ మిగిలిన ప్రశ్నకైనా జవాబు నిజంగా ఉండాలంటే కుప్పల మీద పేర్లు నిజమై ఉండాలి.

అక్కడే రెబ్కా అడ్డు తగిలింది.

"ఆ రెండూ ఏంటియ్యి?" అంది. తప్పిన రెండు కవర్లు తెప్పించుకుని చూసింది. మొదటిది పర్చూరు పక్క చెట్టు. ఆమె పడమర అంది. చాలాసేపు చూసి, "ఇది నా తప్పే. ఇప్పుడు చూస్తే మైదానందేనని తెలుస్తంది, అప్పుడు కన్ను పడలా," అని పక్కన పెట్టింది. రెండోది ఏడో నంబరు, కొత్తపట్నం చెట్టు. దాన్నీ పడమరే అంది. "ఇది మాత్రం నా తప్పు కాదు. ఇది పడమటిదే."

"కొత్తపట్నంలో నేనే కోశానండి," అన్నాడు వేణుగోపాల్. "చర్చి ఆవరణలో. సముద్రం వినిపిస్తూనే ఉంది."

"ఇనపడనీ. చెట్టుకు చెవులా?"

"వేణూ," అంది జుబేదా, "చర్చి ఆవరణలో ఎందుకు కోశావు? నాటిన చెట్లు వద్దన్నాను."

"ఎవరూ నాటలేదన్నారు మేడం."

"ఎవరన్నారు?"

"అక్కడ క్రికెట్ ఆడుతున్నవాళ్లు."

పదహారో తేదీన ముగ్గురూ ఒంగోలు దాకా బస్సులో, అక్కడినుంచి ఆటోలో కొత్తపట్నం వెళ్లారు. రెబ్కాను రమ్మని ఎవరూ అనలేదు. ఆమె బస్టాండులో ముందే నిలబడి ఉంది. చర్చి దక్షిణపు గోడ పక్కన పెద్ద వేప ఉంది. దాని కింద చర్చి కాపలా మనిషి ఏసోబు, ఎనభై ఏళ్లవాడు, వల బాగుచేసుకుంటున్నాడు.

"ఈ చెట్టు ఎవరైనా నాటారా తాతగారూ?" అని అడిగింది జుబేదా.

"నాటకుండా గోడ పక్కన గీత గీసినట్టు ఎట్టా మొలుస్తదమ్మా?" అన్నాడు ఏసోబు. "పాస్టరు అయ్యగారు నాటారు. కనిగిరి నించి బదిలీ అయ్యి వచ్చినాయన. బండి మీద మంచం, బీరువా, కోళ్లగంప, కిరసనాయిలు డబ్బాలో ఈ మొక్క. కనిగిరిలో మిగిలిందంతా ఎండిపోయింది, ఇదొక్కటే బతికిందని అమ్మగారు ఒళ్లో పెట్టుకుని తెచ్చిందంట. నా చిన్నప్పుడు."

"మీరు చూశారా?"

"కోళ్లను చూశాను."

జుబేదా కోళ్ల సాక్ష్యం సరిపోదనుకుంది. సంఘ కార్యదర్శి ఇంటికి వెళ్లి, పాత మినిట్స్ పుస్తకం తీయించింది. 1961 నవంబరు పేజీలో, దీపాల నూనెకూ ప్రహరీ మరమ్మతుకూ మధ్య, ఇలా ఉంది: "అయ్యగారు కనిగిరి నుండి తెచ్చిన వేప మొక్కను దక్షిణపు గోడ వద్ద నాటిరి. మేకల నుండి కాపాడుటకు ముండ్లకంప వేయుటకు తీర్మానించడమైనది." తీర్మానాన్ని బలపరచినవారి పేరు కూడా ఉంది.

జుబేదా ఆ పేజీని రెండుసార్లు ఫోటో తీసింది. ఆ మొక్క అరవై ఏళ్లకు పైగా తీరపు వానే తాగింది, తీరపు గాలే పీల్చింది. అయినా కనిగిరి గింజే కాస్తోంది. గింజ పెంకు తల్లి ఇచ్చేది. నీళ్లు పుష్కలంగా ఉంటే పెంకు తీరు మారుతుందేమోనని ఆమెకు తొమ్మిదేళ్లుగా ఉన్న అనుమానానికి ఇక్కడ ఒక చెట్టు అడ్డుగా నిలబడింది. ఒక్క చెట్టు రుజువు కాదు. కానీ ఆ ఒక్క చెట్టు దొరకాలని కోరుకుని ఉంటే ఆమెకు ఎప్పటికీ దొరికి ఉండేది కాదు.

తిరుగు బస్సులో రెబ్కా కిటికీ పక్కన కూర్చుంది. చిలకలూరిపేట దాటాక అడిగింది. "అయితే ఇరవై తొమ్మిదా, ముప్పయ్యా?"

"చెట్టున్న చోటును బట్టి ఇరవై తొమ్మిది. చెట్టు పుట్టుకను బట్టి ముప్పై. రెండూ రాస్తాను."

"రెండు రాస్తే చదివేవాడు ఏది చూస్తాడు?"

"ఇరవై తొమ్మిది."

రెబ్కా అటు తిరిగి పొలాలు చూసింది. "ముప్పై ముందు రాయండి," అంది.

జుబేదా ఆలోచించింది. వరస మారితే అర్థం మారదు. "రాస్తాను," అంది.

అయితే ఏడో చెట్టు గింజలు అప్పటికే పడమటి రాశిలో ఉన్నాయి; రెబ్కా చూపుకు అవి పడమటివే కాబట్టి వాటిని వెనక్కి ఏరడం ఎవరివల్లా కాదు. వాటి తల్లి కనిగిరిది, చుట్టూ ఉన్న పుప్పొడి కొత్తపట్నానిది. లోపలి మొలకలో ఎవరి పాలు ఎంతో తెలియదు. వేణుగోపాల్ ఆ సంగతి ఎక్కడా రాయవద్దన్నాడు. జుబేదా నివేదికలో రాసింది, పడమటి మడి దగ్గర పాతిన పలక మీద కూడా రాయించింది: "ఇందులో సుమారు పదిహేనింట ఒకటి కొత్తపట్నం చెట్టుది. విడదీయలేము."

నివేదిక ఫారంలో "మూలప్రాంత నిర్ధారణకు వాడిన పరికరం" అని ఒక గడి ఉంది.

"ఏం రాయమంటారు మేడం?" అన్నాడు వేణుగోపాల్.

"ఆమె పేరు రాయి."

"పక్కన పరికరం తయారైన సంవత్సరం కూడా అడిగారు."

రెబ్కాను అడిగారు. "ఆధార్ కార్డులో ఒకటుంది, బాప్తిస్మం పుస్తకంలో ఒకటుంది," అంది. "మీకు ఏది కావాలి?"

జూలై ఇరవైన గింజలు వేశారు. ఆగస్టు రెండో వారానికి మూడు మళ్లలోనూ మొలకలు లేచాయి. తీరపు మడి పచ్చగా, ఎత్తుగా ఉంది. పడమటి మడిలో మొలకలు పొట్టిగా, ఎడంగా ఉన్నాయి. జుబేదా ఒకదాన్ని కొలత కోసం తవ్వి చూస్తే వేరు మాత్రం తీరపు మొలక వేరుకు ఒకటిన్నర రెట్లుంది. ఆమె దానిమీద ఏ అభిప్రాయమూ రాయలేదు. పన్నెండు మొలకలైనా తవ్వితే గానీ రాయకూడదు.

ఒక శనివారం రెబ్కా పత్తి కలుపు ముగించుకుని దారిలో ఆగింది. మళ్ల గట్టు మీద గొంతుక్కూర్చుని అటునించి ఇటు చూసింది. చూస్తూ చూస్తూ ఉండగానే ఆమె కుడిచెయ్యి దానంతటది సాగి, తీరపు మడిలో రెండు మంచి మొలకల మధ్య నలిగి ఉన్న ఒక సన్నదాన్ని రెండు వేళ్లతో పట్టుకుంది.

"రెబ్కమ్మా," అంది జుబేదా.

చెయ్యి ఆగింది. "ఒత్తుగా ఉన్నాయండి. ఇట్టాంటియ్యి నాలుగు పీకితే మిగతాయ్యి బాగుపడతాయి."

"ఏవి పీకాలో ఎండ చెబుతుంది. అప్పటిదాకా ఒక్కటి కూడా తీయకూడదు."

"ఎప్పుడు చెబుద్ది?"

"మేలో."

"మీరు ఏప్రిల్లోనే దిగిపోతారంటగా. అబ్బాయి చెప్పాడు."

"అవును."

రెబ్కా మొలకను వదిలింది. అది కొంచెం వాలి, నెమ్మదిగా నిలబడింది. "మే నెల మిర్చి యార్డుకు సెలవులు," అంది ఆమె. "నాకు పనుండదు. రోజూ వచ్చి ఏది పోయిందో, ఏది ఉందో చూసి చీటీ రాయిస్తా మా మనవరాలి చేత. ఏ వరసలో రాయాలో మీరు ఇప్పుడే చెప్పండి. అప్పుడడిగితే ఉండరు."

జుబేదా నోటు పుస్తకంలోంచి ఒక ఖాళీ కాగితం చింపి, గట్టు మీద ఆమె పక్కన కూర్చుని, నిలువు గీతలు గీయడం మొదలుపెట్టింది.